చావకూడని క్రిములు

పదహారు ప్లేట్లు. పదహారూ కడిగి బోర్లించినంత శుభ్రంగా ఉన్నాయి.

కోడలు ఇంక్యుబేటర్ తలుపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ప్లేట్లను ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూసింది. నమ్మకం కుదరక కళ్ళజోడు తీసి, తెల్లకోటు అంచుతో తుడిచి, మళ్ళీ చూసింది. ఎన్నిసార్లు చూసినా అదే.

అరచేయంత గాజు ప్లేట్లవి. ఒక్కోదాంట్లో పల్చగా పోసి గడ్డ కట్టించిన జెల్లీ. నిన్న ఉదయం ఆ జెల్లీ మీద ఆమే స్వయంగా బాక్టీరియాను పూసింది. ఎనిమిది ప్లేట్లలో వాము నూనెలో తడిపిన కాగితపు బిళ్ళలు పెట్టింది. మిగతా ఎనిమిదింటిలో ఏమీ పెట్టలేదు. నూనె బిళ్ళ చుట్టూ బాక్టీరియా చావాలి. నూనె లేని ప్లేట్లలో మాత్రం హాయిగా బతికి, తెల్లారేసరికి మీగడలా పరుచుకోవాలి. అవి బతికితేనే ఇక్కడ చంపింది నూనే అని ఎవరైనా ఒప్పుకుంటారు.

చావాల్సినవి చచ్చాయి. చావకూడనివీ చచ్చాయి.

ఇలా జరగడం ఇది రెండోసారి. ఆస్పత్రి నుంచి తనిఖీకి వచ్చే ఆఫీసరు రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఈ గదిలో ఉంటుంది.

"ఏమైందమ్మాయ్?" అని గుమ్మం అవతల నుంచి అత్తగారి గొంతు.

"అన్నీ చచ్చాయి అత్తయ్యా."

"మరి ఆ ఏడుపు మొహం దేనికి? చంపుదామనే కదా ఇంత హంగామా."

అత్తగారు గుమ్మం దాటి లోపలికి రాలేదు. మూడు నెలలుగా రావడం లేదు. దానికో కథ ఉంది.

పెరట్లో రాగి బట్టీ ఉంది. నలభై ఏళ్ళుగా దాన్ని నడుపుతున్నది అత్తగారే. వాము, లవంగం, నిమ్మగడ్డి, పుదీనా, ఏది వేసినా ఆవిరి పట్టి, చల్లార్చి, నూనె తీస్తుంది. ఏ సరుకు ఎంతసేపు ఉడకాలో, మంట ఎప్పుడు తగ్గించాలో ఆవిడకి గడియారం అక్కర్లేదు, బట్టీ చేసే చప్పుడు చాలు. ముందు గదిలో తాళ్ళు కట్టి ఆకు ఆరబెట్టేవారు. పెళ్ళయి వచ్చిన రెండో ఏడు కోడలు ఆ గది అడిగింది. ఆస్పత్రివాళ్ళు నేల కడగడానికి వాము నూనె కలిపిన ద్రావణం కావాలంటున్నారు, కానీ అది బాక్టీరియాను చంపుతుందని కాగితం మీద రుజువు చూపమంటున్నారు. పరీక్షలు తనే చేస్తానంది.

ఆ రుజువు మాట అత్తగారికి కారం రాసినట్టయింది. నలభై ఏళ్ళుగా మా నూనె వాడినవాళ్ళందరూ పిచ్చివాళ్ళా అని అడిగింది. చివరికి మూడు నెలలు గడువిచ్చింది. ఆఫీసరు వచ్చి కాగితం మీద ముద్ర వేస్తే గది కోడలిది. వెయ్యకపోతే మర్నాడే తాళ్ళు కడతారు, ఆకు ఆరుతుంది. అంతవరకు ఆ క్రిముల గదిలో కాలు పెట్టనని వంటింట్లో నిలబడి, గరిటె చేత్తో పట్టుకుని మరీ ప్రకటించింది.

కోడలికి ఆ గది ఊరికే ఒక గది కాదు. పెళ్ళికి ముందు ఏడేళ్ళు పెద్ద పెద్ద లాబుల్లో పనిచేసింది. గాజుసామాను కడిగింది, జెల్లీ వండింది, ప్లేట్లు చదివింది. అన్నీ చేసింది గానీ రిపోర్టు కింద సంతకం మాత్రం ఎప్పుడూ పైవాళ్ళదే. రేపు ముద్ర పడే కాగితం కింద మొట్టమొదటిసారి తన సంతకం ఉంటుంది. పడితే.

ఈలోగా మామగారు రానే వచ్చారు. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు బట్టీకి మంట చూస్తారు. అన్నీ చచ్చాయన్న మాట చెవిన పడగానే మొహం చేటంత చేసుకుని, ఎదురింటి దర్జీకి శుభవార్త చెప్పడానికి బయల్దేరారు. కోడలు పరుగెత్తి ఆయన్ని గేటు దగ్గర పట్టుకుని వెనక్కి తేవాల్సి వచ్చింది.

"అయితే ఇది ఫెయిలా తల్లీ?"

"ఫెయిలే మామయ్యా."

"అన్నీ చచ్చినా?"

"అన్నీ చచ్చాయి కాబట్టే."

ఆయన టికెట్ కొన్నవాణ్ణీ కొననివాణ్ణీ ఒకే స్టాపులో దించేసినట్టన్నమాట అన్నారు. ఈ మూడు నెలల్లో ఆ పరీక్షను అంత బాగా అర్థం చేసుకున్న మనిషి ఆయనొక్కరే.

కోడలు పనిలో పడింది. మనసు ఎంత కొట్టుకుంటున్నా చేతులు మాత్రం వరస తప్పలేదు. ముందు బాక్టీరియా. ఆఫీసరే సీలు వేసి పంపిన గొట్టంలోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. సంతలో జనంలా కిటకిటలాడుతున్నాయి. అంటే పూసినప్పుడు బతికే ఉన్నాయి. తర్వాత జెల్లీ. అదే గిన్నెలో మిగిలిన జెల్లీ ముక్క ఒకటి మొన్నటి నుంచి బల్ల మీద మూత లేకుండా ఉండిపోయింది. దాని మీద ఇష్టం వచ్చినట్టు బూజు, బాక్టీరియా రెండూ కాపురం పెట్టేశాయి. జెల్లీలో విషం లేదు. ఇక మిగిలింది వేడి. ఇంక్యుబేటర్ ముప్ఫై ఏడు డిగ్రీలు చూపిస్తోంది. దాని మాట నమ్మక, మామగారి జ్వరం థర్మామీటరు తెచ్చి లోపల పెట్టింది. అది కూడా అదే చెప్పింది.

బాక్టీరియా మంచివి, తిండి మంచిది, వెచ్చదనం సరిపోయింది. అయినా మూకుమ్మడిగా చచ్చిపోయాయి.

అంటే ఎవరో చంపారు.

ఆ మాట తట్టగానే కోడలు స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్కొక్కరినే లెక్క వేసింది. లాబు తాళంచెవి వంటింట్లో మేకుకి వేలాడుతుంది. ఇంట్లో ఉన్నది నలుగురు. తను కాదు. భర్త పొద్దున్నుంచి సాయంత్రం దాకా డబ్బాలకి నూనె నింపి లేబుళ్ళు అంటిస్తాడు. లాబులోకి వస్తే ఏదో ఒకటి పగులుతుందని భయపడి తలుపు దగ్గర్నుంచే మాట్లాడతాడు. మామగారు ఈ గదంటే ప్రాణం పెడతారు. ఇక నాలుగో మనిషి. ఈ గది ఖాళీ అయితే ఎవరికి లాభమో, ఆ మనిషి.

పోయిన వారం అత్తగారు వీధిలో నిలబడి, బయటినుంచి ఈ గది కిటికీకి టేపు పెట్టి కొలవడం ఆమె కళ్ళారా చూసింది. అప్పుడు ఏమీ అనుకోలేదు. తాళ్ళు ఎన్ని మూరలు పడతాయో చూసుకుంటోందేమోనని ఇప్పుడు అనిపించింది. అనిపించినందుకు తనమీద తనకే చిరాకు వేసింది. అయినా ఆ అనుమానం పోలేదు.

భర్తకి సంగతి చెప్పింది. అమ్మ నోరు పెద్దదే గానీ దొంగచాటు పనులు చేసే రకం కాదని అతనన్నాడు. కోపం వస్తే ఎదురుగానే గిన్నె విసురుతుంది తప్ప వెనకనుంచి గోటితో కూడా గీకదన్నాడు. కోడలు తల ఊపింది గానీ, పదకొండు గంటలకల్లా తన పథకం తను వేసేసింది.

పథకం చాలా సులువు. బాక్టీరియానే సాక్షులుగా నిలబెట్టాలి.

నూనె బిళ్ళలేమీ లేకుండా, బాక్టీరియా మాత్రం పూసిన ప్లేట్లు నాలుగు తీసుకుంది. ఇంక్యుబేటర్‌లో పై అరలో రెండు, కింది అరలో రెండు పెట్టింది. వాటికి వేరే పనేం లేదు, ఎక్కడ ఎవరు ఎంతమంది చచ్చారో తెల్లారి చెప్పడమే. తర్వాత అసలు పరీక్ష మొత్తం కొత్తగా వేసింది. కానీ ఈసారి ఇంక్యుబేటర్‌లో పెట్టలేదు. లేబుళ్ళ గదిలో ఒక మూల రెండు థర్మాకోల్ పెట్టెలు పెట్టి, వేడినీళ్ళ సీసాలు సర్ది, ఒకదాంట్లో నూనె ప్లేట్లు, రెండోదాంట్లో నూనె లేని ప్లేట్లు ఉంచింది. సీసాలు చల్లారినప్పుడల్లా మార్చాలి. ఆ బాధ్యత మామగారు లాక్కున్నారు. కాగితం మీద గీతలు కొట్టి డ్యూటీ చార్టు రాశారు. కొడుక్కి మూడు వంతులు, తనకి మూడు వంతులు, కోడలికి విశ్రాంతి అని వేశారు. సీసా మార్చినప్పుడల్లా రైట్ రైట్ అనడం మాత్రం మానలేదు.

అందరూ రాత్రి భోజనాలకి కూర్చోగానే కోడలు లాబుకి తాళం వేసి, చెవిని తన కోటు జేబులో దాచేసింది. ఇక తెల్లారేదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేరు. అయినా లోపల సాక్షులు చచ్చారంటే, చంపేది ఏదో అక్కడే ఉన్నట్టు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో మొదట వినిపించిన మాట అత్తగారిదే.

"ఈ మేకుకి ఉండాల్సింది ఏది?"

"నా దగ్గరుంది అత్తయ్యా. మీకెందుకు?"

"నాకెందుకు? మేకు బోసిగా ఉంటే అడిగాను." ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయి, అవసరం లేకపోయినా ఒక గిన్నెను మూడుసార్లు కడిగింది.

కోడలు జేబులోని చెవిని తడుముకుంది. ఇంత పొద్దున్నే ఆ తాళంచెవితో ఆవిడకి ఏం పని?

ఎనిమిదింటికి పెట్టెలు తెరిచారు. నూనె లేని ప్లేట్ల పెట్టె మూత తీయగానే భర్త ఈల వేశాడు. ఎనిమిది ప్లేట్లలో ఎనిమిదీ నిండుగా, తెల్లగా, ఎక్కడా ఖాళీ లేకుండా పెరిగాయి. రెండో పెట్టెలో వాము నూనె ప్లేట్లు. అక్కడా బాక్టీరియా పెరిగింది గానీ, ప్రతి కాగితపు బిళ్ళ చుట్టూ కంపాస్‌తో గీసినట్టు ఖాళీ వలయం. ఆ గీత లోపల ఒక్క చుక్క కూడా మొలవలేదు. కోడలు స్కేలు పెట్టి కొలిచింది. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. ఇరవై అయిదు. ఇరవై నాలుగు. నలభై ఏళ్ళుగా అత్తగారు నోటితో చెబుతున్న మాట ఇప్పుడు స్కేలు మీద కనిపిస్తోంది.

పరీక్ష గెలిచింది. కానీ గెలిచింది థర్మాకోల్ పెట్టెల్లో, వేడినీళ్ళ సీసాల మధ్య. ఆఫీసరు మొదట అడిగేది ఇంక్యుబేటర్‌లో ఎందుకు పెట్టలేదనే.

కొలతలన్నీ రిజిస్టరులో ఎక్కించేసరికి పదకొండు కావచ్చింది. అప్పుడు కోడలు లాబు తాళం తీసి సాక్షుల్ని బయటికి పిలిచింది. పై అరలో ప్లేట్ల మీద అక్కడక్కడ విసిరేసినట్టు కొన్ని చుక్కలు, నీరసంగా. కింది అరలో ఒక ప్లేటులో రెండే చుక్కలు. రెండోదాంట్లో ఏమీ లేదు.

ఆమె ఆ నాలుగింటినీ ఉన్న వరసలోనే బల్ల మీద పేర్చింది. పై నుంచి కిందికి చూసింది. పైన కొంచెం ప్రాణం ఉంది, కింద అసలు లేదు. అంటే చావు కిందినుంచి పైకి పోతోంది. కింది అర కింద ఏముంది?

నీళ్ళ పళ్ళెం ఉంది. జెల్లీ ఎండిపోకుండా లోపల తేమ కోసం పెట్టే వెడల్పాటి స్టీలు పళ్ళెం. ఆమె వంగి దాన్ని బయటికి లాగింది. అది మొరాయించింది. దాని అంచు ఒక కొక్కెంలో ఇరుక్కుంటుంది, కాస్త పైకెత్తి ఎడమకి తిప్పితేగాని రాదు. తిప్పి లాగింది. పళ్ళెం నిండా నీళ్ళు. పళ్ళెం మాత్రం తళతళలాడుతోంది. అడుగున తెల్ల గార లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. వారానికోసారి ఇందులో కుళాయి నీళ్ళు పోసేది తను. ఆఖరిసారి పోసి నెల దాటింది. చూసినప్పుడల్లా నిండుగానే ఉంది, వానల మూలంగా ఆవిరి కావడం లేదులే అనుకుంది. నెల రోజులు.

నీళ్ళు వాసన చూసింది. ఏమీ లేదు. భర్తని పిలిచింది. అతను ముక్కు ముంచినంత పని చేసి, మన ఇంట్లో ముక్కులు మొహానికి అందం కోసమే ఉన్నాయని గుర్తు చేశాడు. నిజమే. పొద్దున లేస్తే బట్టీ వాసన, పడుకుంటే బట్టీ వాసన. ఆ ఇంట్లోవాళ్ళ ముక్కులు ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. మామగారు కూడా వాసన చూసి, నీళ్ళు నీళ్ళ వాసనే వేస్తున్నాయని చెప్పి, వెంటనే కప్పు వైపు చూశారు. కప్పు మీద చూడాల్సిందేమీ లేదు.

"మామయ్యా, మీకేమన్నా తెలుసా?"

"నేనేం చూళ్ళేదు తల్లీ. తెల్లారుగట్ల నాకసలు కళ్ళు కనపడవు."

తెల్లారుగట్ల అని ఆమె అడగలేదు.

అయినా ఆయన్ని నిలదీయకుండా, పళ్ళెం తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని వీధి దాటి దర్జీ కొట్లోకి నడిచింది. ఈ వీధిలో పనిచేసే ముక్కు కావాలంటే ఆయనదే దగ్గర. దర్జీ మిషను ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కసారి వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాడు.

"వాము కదమ్మా. అదీ మామూలుగా లేదు, కళ్ళల్లోంచి నీళ్ళు తెప్పిస్తోంది. ఏం, ఎవరికన్నా కడుపునొప్పా?"

కోడలికి మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. వామును బట్టీలో ఉడికిస్తే ఆవిరి చల్లారి సీసాలో దిగుతుంది. నూనె పైకి తేలుతుంది, కింద నీళ్ళు మిగులుతాయి. అవి చూడ్డానికి మామూలు నీళ్ళలాగే ఉంటాయి, కానీ నూనె సారం కొంత అందులోనే కరిగి ఉండిపోతుంది. అందులోనూ మొట్టమొదట దిగిన నీళ్ళు మహా ఘాటు. ఆ నీళ్ళని పళ్ళెంలో పోసి, ఒంటి వేడి ఉన్న పెట్టెలో పెట్టి, తలుపు మూశారు. రాత్రంతా వాము ఆవిరి లేచి, నూనె ఉన్న ప్లేటని, లేని ప్లేటని చూడకుండా అన్నిట్లోకీ దూరింది. బాక్టీరియా పాపం ఎటు పోతాయి.

మొదటి నీళ్ళని ఎవరూ ముట్టుకోరు. వాటిని గాజు కూజాలో పట్టి, తన మంచం కింద పెట్టుకునే మనిషి ఒక్కరే.

అంటే అనుమానం నిజమే. ఆమె మొహం చూసి దర్జీ ఏమనుకున్నాడో, ఉన్నట్టుండి వేరే సంగతి ఎత్తాడు.

"మీ అత్తగారికి కాస్త చెప్పమ్మా, కర్టెన్లు పదకొండున్నరకల్లా పంపించేస్తాను. ఆఫీసరు వచ్చేలోపు కిటికీకి తగిలించాలని ఆవిడ పట్టు. నీలం గుడ్డ ఇచ్చారు, ఎండ తగిలితే నీ గాజుసామాను పాడవుతుందట." అని, నాలుక కరుచుకున్నాడు. "నీకు చెప్పొద్దన్నారు."

కోడలు వీధి మధ్యలో, చేతుల్లో పళ్ళెంతో నిలబడిపోయింది. సైకిలు వాడొకడు బెల్లు కొట్టి కొట్టి విసుగెత్తి, చుట్టూ తిరిగి పోయాడు.

కర్టెన్లకా కిటికీ కొలిచింది?

నెల క్రితం సంగతి కళ్ళముందు కదిలింది. ఆ రోజు వంటింట్లో భర్తతో విసుక్కుంది, కుళాయి నీళ్ళకి పళ్ళెం అంతా తెల్లగా గార కడుతోంది, ఎంత తోమినా పోవడం లేదు, ఆఫీసరు చూస్తే మొహం చిట్లిస్తుంది అని. అత్తగారు అటు తిరిగి కూర తరుగుతోంది. వెనక్కి తిరగలేదు, ఒక్క మాట అనలేదు. మచ్చ పడకూడదనుకున్న ప్రతి వస్తువునీ ఆవిడ ఆ మొదటి నీళ్ళతోనే కడుగుతుంది. తన కళ్ళజోడు, రాగి బట్టీ మూతి, పెళ్ళినాటి వెండి గ్లాసు. ఆవిరై వచ్చిన నీళ్ళు కాబట్టి గార కట్టవు. ఇంట్లో అంతకంటే మంచి నీళ్ళు లేవు.

గదిలో కాలు పెట్టనని ఊరంతా వినేలా చెప్పిన మనిషి, అందరూ లేవకముందే మేకు మీది చెవి తీసుకుని, రోజూ లోపలికి వెళ్ళి, పళ్ళెం తోమి, తన దగ్గరున్న అన్నిటికన్నా మంచి నీళ్ళు పోసి వస్తోంది.

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తేల్చుకునేలోపే గేటు ముందు స్కూటరు ఆగింది. ఆఫీసరు అరగంట ముందే వచ్చేసింది.

పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. హెల్మెట్ చంకలో పెట్టుకునే లాబు అంతా తిరిగింది. ప్లేట్లు చూసి, తన దగ్గరున్న స్కేలుతో వలయాల్ని తానే మళ్ళీ కొలిచింది. సంఖ్యలు కలిశాయి. బాగుందంది. తర్వాత రిజిస్టరు తిప్పింది. రెండుసార్లు పరీక్ష పాడైనట్టు కోడలి చేతిరాతలోనే ఉంది. ఆమె ఏదీ దాచలేదు. పళ్ళెం, ఆవిరి, పై అర, కింది అర, దర్జీ ముక్కు, అన్నీ వరసగా చెప్పింది. ముద్ర పడకపోతే ఈ గది తనకి ఉండదన్న సంగతి కూడా చెప్పింది.

ఇల్లంతా గుమ్మం అవతల నిలబడి విన్నది. చెప్పేటప్పుడు కోడలు అత్తగారి వైపు చూడలేదు. కానీ వామునీళ్ళు అన్న మాట దగ్గర దర్జీ అప్పుడే పంపగా ఆవిడ చేతిలో ఉన్న నీలం కర్టెన్ల మూట కాస్త కిందికి జారడం పక్క చూపులో కనిపించింది. చంపింది తన నీళ్ళేనని ఆవిడకి ఆ క్షణందాకా తెలియదు.

ఆఫీసరు నవ్వింది. ఆవిరితోనే ఇంత పని జరిగిందంటే నూనె మీద అనుమానమే అక్కర్లేదంది. అయినా పెన్ను మూత తీయలేదు.

"ఒకటి చెప్పండి. లాబులోకి ఎవరో వచ్చి, ఏదో పోసి వెళ్ళారు. పోసిందెవరు? కారణం, మనిషి, రెండూ రాస్తే ఇప్పుడే ముద్ర వేసి పోతాను. మనిషెవరో తెలీని లాబుకి వెయ్యలేను."

భర్త గొంతు సవరించుకున్నాడు. తనే పోశానన్నాడు. ఏ నీళ్ళని ఆఫీసరు అడిగింది. కుళాయి నీళ్ళని చెప్పి, చెప్పాక నాలుక కరుచుకున్నాడు. మామగారు అతన్ని పక్కకి తోసి ముందుకొచ్చారు. వాడికేం తెలుసు, పోసింది నేనన్నారు. పళ్ళెం ఎక్కడుంటుందని ఆఫీసరు అడిగింది. ఆయన ఇంక్యుబేటర్‌ని పైనుంచి కిందిదాకా చూసి, ధైర్యంగా, దాని నెత్తి మీద అన్నారు.

ఆఫీసరు పెదవులు బిగించుకుని నవ్వాపుకుంది. తర్వాత ఫైలు మూసి కోడలి వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

కోడలు తన పేరే చెప్పేద్దామా అనుకుంది. కానీ తన పళ్ళెంలో తనేం పోసిందో తెలీని మనిషి సంతకానికి విలువేముంటుంది? అది పనికిరాదు. నిజం నాలుక చివరే ఉంది. చెబితే ముద్ర పడుతుంది, గది దక్కుతుంది. కానీ మూడు నెలలు మాట మీద నిలబడ్డ మనిషిని కొడుకు ముందు, మొగుడి ముందు, బయటి మనిషి ముందు తలవంచుకునేలా చెయ్యాలి. అదీ తనకి మంచి చేద్దామని వచ్చినందుకు.

"తెలుసు మేడమ్. చెప్పను."

"చెప్పకపోతే గది పోతుందని మీరే అన్నారు."

"పోతే పోనీయండి."

ఆఫీసరు చంకలోని హెల్మెట్ చేతిలోకి తీసుకుంది.

అప్పుడు అత్తగారు కదిలింది. కర్టెన్ల మూటని మొగుడి చేతుల్లో కుక్కి, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. బల్ల మీదున్న పళ్ళేన్ని తీసుకుని, ఇంక్యుబేటర్ ముందు వంగి, ఎడమకి తిప్పి, కాస్త ఎత్తి, కొక్కెం కిందికి ఒకే ఒక్క తోపుతో జరిపింది. చూడకుండా జరిపింది. రోజూ చేసే చెయ్యి అది.

లేచి నిలబడి కోడల్ని ఎగాదిగా చూసింది.

"పెద్ద మొనగత్తెవి, చెప్పవా? మూడు నెలల కష్టం పోగొట్టుకుంటావా నా పరువు కోసం? నా పరువుకేం, అది నా దగ్గరే ఉంది." ఆవిడ ఆఫీసరు వైపు తిరిగింది. "ఆ టోపీ కింద పెట్టి పెన్ను తియ్యమ్మా. గార కట్టకూడదని పోశాను. చస్తాయని తెలీదు."

ఆఫీసరు ఫైలు తెరిచింది. పెన్ను మూత తీసింది. ఎవరని రాయమంటారని అడిగింది.

"అత్తగారని రాయి. ఈ పిల్లకి అత్తగారు. రోజూ తెల్లారుగట్ల తాళం తీసి, ఆ నీళ్ళు పోసింది నేనే."